చింత మొదట్లో వెలిసిన అమ్మ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏది వాడిపోయినా అందరిదీ ఒకటే మాట, నీళ్ళు పెట్టమని. హాలియా దిక్కు అడవి అంచున మా చేను. సాగర్ కాలువ కొత్తగా వచ్చిన రోజులవి. అప్పటిదాకా మబ్బుల వైపు చూసి బతికిన మనుషులం కదా, ఆ నీళ్ళ మీద దేవుడి మీదున్నంత నమ్మకం. నేను బడికి పోలేదు. మా నాయనమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను, ఆమె వెంటే తిరిగేదాన్ని.

చేనుకూ అడవికీ నడుమ పెద్ద చింతచెట్లు వరుసగా ఉండేవి. ఊరందరి పులుసూ వాటిదే, కూలీల నీడా వాటిదే. ఒక వానకాలం మొదటి చెట్టు పైకొమ్మలు పలచబడ్డాయి, ఆకు పసుపెక్కి రాలింది. దాని మొదట్లో పళ్ళెమంత బుడిపె ఒకటి మొలిచింది. లక్క పూసినట్టు ఎర్రగా మెరుస్తూ, అంచున తెల్లగా ఉండేది. ముందు ఎవరన్నారో గాని, చెట్టుకు అమ్మ వెలిసిందన్నారు. ఆడవాళ్ళు దానికి పసుపు కుంకుమలు పెట్టి, రోజూ బిందెలతో నీళ్ళు పోశారు. మా అమ్మ కాలువ నీళ్ళు కూడా అటు తిప్పింది. చెట్టు ఇంకా ఎండింది. కొన్నాళ్ళకు పక్క చెట్టు మొదట్లోనూ అలాంటిదే లేచింది. "సూసినవా, రెండో సెట్టుకు గూడ అమ్మ వచ్చింది" అని సంబరపడ్డారు.

పక్కింటి మామ జంగ్లాత్‌లో, అంటే అడవిశాఖలో పనిచేసేవాడు. అది బూజు జాతి తెగులని, వేరును కుళ్ళబెట్టి, వేరూ వేరూ తగిలిన చోట పక్క చెట్టులోకి దాటుతుందని, తడి నిలిస్తే మరీ రేగుతుందని చెప్పాడు. ఆ రెండు చెట్లూ కొట్టి, మొద్దులు వేళ్ళతో సహా పెకిలించి కాల్చాలట. మిగిలిన చెట్లకు అడ్డంగా లోతుగా కందకం తవ్వాలట. "అమ్మ మీద గొడ్డలెత్తమంటవా మామా? నీ ఇంట్ల పిల్లలు లేరా ఏంది?" అని నాకు వరసకు వదినయ్యే ఒకామె నవ్వుతూనే పొడిచింది. మామ తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

ఊళ్ళో మా నాయనమ్మను మించిన భక్తురాలు లేదు. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుతోనే చెట్టు దగ్గరికి పోయింది. వంగి, కొంగుతో ఆ బుడిపె మీది పసుపంతా తుడిచి చూసింది. దాని వెనక బెరడును వేలితో నొక్కితే తడిసిన అటుకుల్లా రాలింది. నీళ్ళ బిందెలతో వచ్చిన ఆడవాళ్ళతో, "అమ్మయితే బిడ్డను తింటదానే? గిది సెట్టును తింటున్నది. పాపమైతే నాకే రానియ్యుండ్రి" అంది. "ఇన్నేండ్లు మాకు పెట్టినవు తల్లీ" అని చెట్టుకు మొక్కి, మా నాయినను గొడ్డలి తెమ్మంది.

కందకం తవ్వుతుంటే మనుషులు సోలిపోయారు. నాయనమ్మ కూడా మట్టి తట్టలు మోసింది. ఆ ఏడు మా ఇంటికి పేరంటానికి ఎవరూ రాలేదు. తెగులు అప్పటికే దాటిందేమో, ఇంకో చెట్టూ పోయింది. దాన్నీ తీసి, మళ్ళీ తవ్వాల్సి వచ్చింది. ఆ రోజు నాయనమ్మ గట్టు మీద కూలబడి "సాలయిందే బిడ్డా" అంది. అంతే, లేచి మళ్ళీ తట్ట ఎత్తుకుంది. మిగిలిన చింతలు నిలబడ్డాయి. దేవుడి దయ, వాటి నీడలో నేను పెద్దదాన్నయ్యాను.

ఇప్పుడు మిర్యాలగూడలో మా వీధి వేపలు వానలు వెనకబట్టే వేళకు కొనల నుంచి మాడిపోతున్నాయి. అదీ ఒక బూజు తెగులేనట. ఎండిన రెమ్మలు కోసి కాలుస్తాం, మందు కొట్టిస్తాం, మళ్ళీ ఏడు మళ్ళీ మాడతాయి. చేతులు పీకుతాయి. అమ్మవారి కోపమని ఎవరన్నా అంటే వాదించే ఓపిక లేదు నాకు. ఎండిన రెమ్మ ఒకటి వాళ్ళ చేతిలో పెట్టి, దగ్గరగా చూడమంటాను. మొక్కే ముందు వంగి చూడడం, చూశాక కూడా మొక్కడం, మా నాయనమ్మ నాకు ఇచ్చిపోయిన ఆస్తి అదే. అందుకు పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆమెకూ ఒక దండం పెట్టుకుంటాను.