టీచరమ్మ చెప్పిన సాక్ష్యం

టీచరమ్మ పోయిందని మా ఆయన ఫోన్ చేసి చెప్పాడు. నేను రుద్రవరంలో మా అక్క ఇంట్లో శనగలు జల్లిస్తున్నాను. "ఎదురింటి టీచరమ్మ పాయె. చర్చికి పోదామని గడప దాటింది, ఆడనే కూలబడింది. మళ్లా తలలోనేనంట" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేను రెండు రోజులు ఊరు విడిచి వస్తే ఇంత పని చేస్తుందా ఈ మనిషి అనిపించింది. జల్లెడ అక్కడే పడేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారిలో నా పక్కన ఎవరో వచ్చి కూర్చుంటే, లేవండి, అది టీచరమ్మ సీటు అని నోటిదాకా వచ్చింది.

మాది సేద్యం చేసుకునే ఇల్లు, ఆమెది చర్చికి పోయే ఇల్లు. మధ్యలో ఉన్నదల్లా ఒక సిమెంటు రోడ్డు. మా పిల్లలిద్దరికీ, వాళ్లకు ముందు మా మరిదికీ చదువు చెప్పింది ఆమే. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. పగిడ్యాలలో ఒక తమ్ముడున్నాడు. గంజి పెట్టిన నేతచీర, చంకలో గొడుగు, సాయంత్రమైతే ఒళ్లో చాటెడు వేరుశనక్కాయలు. కాయలు ఒలుస్తూనే వీధి పిల్లల చేత పాఠాలు అప్పచెప్పించుకునేది. చెప్పినవాడికి నాలుగు గింజలు, చెప్పనివాడికి పొట్టు ఊడ్చే పని. ఆమెకు ఉన్న పట్టింపు ఒక్కటే. "తెలీకుంటే తెలీదని రాయండ్రా. సున్నా ఏస్తా, ఏం గాదు. తెలిసినట్టు రాస్తే మాత్రం తోలు తీస్తా" అనేది. మా చిన్నోడు ఒకసారి పరీక్షలో నిజంగానే "తెలియదు టీచర్" అని రాసి, సున్నాతో పాటు గుప్పెడు గింజలు కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. వాణ్ణి కొట్టాలో మెచ్చుకోవాలో తెలియక ఊరుకున్నాను.

అట్లాంటి మనిషి ఒకరోజు బట్టలు ఆరేస్తూ తల పట్టుకొని కూర్చుండిపోయింది. మెదడులో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి ఉండిందట, అది చిట్లింది. కర్నూలులో పుర్రె తెరిచి ఆ బుడగ మొదట్లో క్లిప్పు వేశారు. చాలా రోజులు ఆమెకు తెలివి లేదు. బతకదనే అనుకున్నాం. తమ్ముడైతే సమాధి చోటు సంగతి కూడా విచారించి పెట్టుకున్నాడు. ఏమైతేనేం, బతికి ఇంటికొచ్చింది.

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. చావు దాకా పోయి వచ్చినవాళ్లు ఒక ఆదివారం అందరి ముందూ నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. సాక్ష్యం చెప్పడం అంటారు. టీచరమ్మ సాక్ష్యం కోసం చర్చి చర్చంతా కాచుకొని ఉంది. పండ్లూ బ్రెడ్డు ప్యాకెట్లూ పట్టుకొని వచ్చేవాళ్లు, కూర్చోగానే అడిగేవాళ్లు. తెలివి లేనప్పుడు ఏం కనిపించింది? వెలుతురు కనిపించిందా? తెల్లబట్టల్లో ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకున్నారా? ఫలానా ఊళ్లో ఫలానా ఆమెకు కనిపించిందట. టీచరమ్మ కళ్లు మూసుకునేది. నీరసమేమో అనుకొని నేనే వాళ్లను సాగనంపేదాన్ని. వాళ్ల పాస్టరును అయ్యగారు అంటారు. మంచి మనిషి. ఆయన కూడా వచ్చి, చెప్పమ్మా, సంఘానికి బలం వస్తుంది అన్నారు. ఇంకా బాగు కాలేదని ఆమె మాట దాటేసింది.

బాగు కాలేదన్నది నిజమే. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట దొరక్క ఆగిపోయేది. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకొని నేల మీద కూర్చునేది. అన్నిటికంటే, చీకటంటే చచ్చేంత భయం. కరెంటు పోతే రోడ్డు మీదకొచ్చి నిలబడేది. దయ్యాలున్నాయన్న పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, అరవై దాటాక అట్లా వణుకుతుంటే, నేనూ పోయి పక్కన నిలబడేదాన్ని.

నంద్యాలలో న్యూరోఫీడ్‌బ్యాక్ అనే వైద్యం చేసే అమ్మాయి ఉందని ఎవరో చెప్పారు. బెంగళూరులో నేర్చుకొని వచ్చి, కళ్లద్దాల షాపు మీద మేడగదిలో పెట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగితే, చేయించి చూడండి, చెడుపు ఉండదు, మరీ ఆశ పెట్టుకోకండి అన్నాడు. వారం వారం ఇద్దరం బస్సులో పోయేవాళ్లం. ఆమె చెవుల్లో దూది. హారన్ మోగినప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకునేది, గోళ్లు దిగేవి.

ఆ గదిలో జరిగేది ఇంతే. జుట్టు పాయలు తీసి, జిగురు రాసి, తల మీద వైర్లు అంటిస్తారు. ఎదురుగా తెర మీద అడవి దారి వెంబడి పోతూ ఉండే వీడియో. మెదడు నెమ్మదిగా ఉన్నంతసేపు బొమ్మ వెలుగుతుంది. లోపల అలజడి మొదలైతే మసకబారి, నల్లగా అయిపోతుంది. మిషన్ తలలోకి ఏమీ పంపదు, లోపలున్నది చూపిస్తుంది, అంతే. పట్టుబట్టి వెలిగించాలని చూస్తే ఇంకా ఆరిపోతుందట. అయితే ప్రయత్నం చెయ్యకుండా పాసు కావాలా అని టీచరమ్మ అడిగితే ఆ అమ్మాయి నవ్వేసింది. నవ్వు ఎంతోసేపు లేదు. మొదటి రోజే బొమ్మ నల్లబడింది, టీచరమ్మ కేక పెట్టి వైర్లు పీకేసింది. తర్వాత వారమూ అంతే. ఈ అడవి కాకపోతే ఇంకో బొమ్మ పెట్టరాదా అని నేను ఆ అమ్మాయి మీద రుసరుసలాడాను.

గది బయట మెట్ల దగ్గర ఒక కొళాయి ఉండేది. అక్కడ తడిగుడ్డతో ఆమె తలలో జిగురు తుడవడం నా పని. జుట్టు మళ్లీ మొలిచినా కుట్ల గీత చేతికి తగిలేది. ఆ రోజు నాకు వీపు పెట్టి కూర్చొని, మెట్లకేసి చూస్తూ అంది.

"నాకేం కనపళ్లేదు మే."

నాకు అర్థం కాలేదు.

"తెలివి లేనప్పుడు. అందరూ అడుగుతాండారు గదా. వెలుతురు లే. ప్రభువు లే. మా ఆయన లే. కల గూడ లే. ఆ తెర నల్లగైతే, మళ్లా ఆడికే పోతాండానేమో అనిపిస్తాది."

ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రార్థన మానని మనిషి. సండే స్కూల్లో పిల్లలకు పరలోకం బొమ్మలు వేసి చూపించిన మనిషి. ఇప్పుడు నిలబడి ఏం చెప్పాలి? కనిపించిందంటే అబద్ధం. అబద్ధ సాక్ష్యం పలకకూడదని వాళ్ల పది ఆజ్ఞల్లోనే ఉంది. కనిపించలేదంటే, ఆమె మాట నమ్మి పెరిగినవాళ్లందరూ ఏమైపోవాలి? తనవాళ్లెవరికీ చెప్పుకోలేక, ఆ చర్చి మనిషిని కాదు కాబట్టి నాకు చెప్పింది.

కానీ నేను మాత్రం రాయినా? మా అమ్మ పోయినప్పుడు ఏటి గట్టున పిండం పెట్టి, కాకి ముట్టేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ముట్టిందని ఎంత సంతోషపడ్డామో. ఆ రోజు బస్సులో ఇంటికొస్తుంటే అదే గుర్తొచ్చింది. ఆ అన్నం ఎవరికి పెట్టినట్టు? అప్పటినుంచి లైటు ఆర్పాలంటే నా చెయ్యి కూడా వెనక్కి పోయేది. నీకేం పట్టిందే అని మా ఆయన విసుక్కునేవాడు. ఏమని చెప్పను? టీచరమ్మ భయం నాకు అంటుకుంది. ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

తర్వాత టీచరమ్మ ఆ వైద్యం చేసే అమ్మాయికి కూడా చెప్పింది. ఆ అమ్మాయి దేవుడి మాటే ఎత్తలేదు. నల్లబడితే నల్లబడనివ్వండి, వెనక్కి లాగాలని చూడకండి, మేం పక్కనే ఉంటాం అంది. నేను స్టూలు వేసుకొని పక్కన కూర్చునేదాన్ని. కొన్ని వారాలు వైర్లు పీకడం, మళ్లీ అంటించడం. ఒకరోజు బొమ్మ నల్లబడితే టీచరమ్మ చేతులు కుర్చీ మీదే ఉండిపోయాయి. వైర్ల దాకా లేవలేదు. ఆ నలుపు చాలాసేపు ఉంది. నాకైతే పారిపోదామనిపించింది. ఆమె పెదాలు కదలడం లేదు, అంటే ప్రార్థన కూడా చెయ్యడం లేదు. ఊరికే కూర్చుంది. తెర మీద ముందు ఒక చెట్టు మొదలు కనిపించింది, ఆ తర్వాత దారి.

అది మిషన్ గొప్పతనమో, ఆ అమ్మాయి ఓపికో, కాలం గడవడమో నేను చెప్పలేను. టీచరమ్మను అడిగితే తెలీదంది. ఇంకేమంటుంది మరి! మాటలు చాలావరకు తిరిగొచ్చాయి. కరెంటు పోతే రోడ్డు దాకా రాకుండా గడప దగ్గర ఆగేది. ఒకసారి నంద్యాల నుంచి వస్తుంటే బస్సులోనే, వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్తాను, నువ్వూ రా అంది.

నేను చర్చిలో చివరి చాప మీద కూర్చున్నాను. ఆమె లేచి నిలబడగానే, నోరు తెరవక ముందే అందరూ స్తోత్రం అన్నారు.

"నేను సావు దాకా పోయొచ్చినా. ఆడ నాకు ఏమీ కనపళ్లేదు. దేవుడు లేడని చెప్పడం లే, నాకు కనపళ్లేదని చెప్తాండా. రెండూ ఒకటి గాదు. డాక్టర్లు బతికిచ్చినారు. మీరు ప్రార్థన చేసినారు. మా ఎదురింటామె నా తల కడిగింది. అందరికీ వందనాలు."

ఆమెన్ అన్నవాళ్లు లేరు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు.

ఆ తర్వాత పండ్లూ ఆగిపోయాయి, మనుషులూ ఆగిపోయారు. మిషన్లు పెట్టించుకునే మనిషికి విశ్వాసం ఎక్కడుంటుందని ఎవరో అన్నారట. సండే స్కూలుకు ఆమెను పిలవడం మానేశారు. అయినా ప్రతి ఆదివారం గొడుగు పట్టుకొని చర్చికి పోయేది, ఒక్కతే తిరిగొచ్చేది. నాకు ఒళ్లు మండి, పోయి నాలుగు దులిపేద్దామనుకున్నాను. ఆమె పోనివ్వలేదు. వాళ్లకు భయమైంది, అంతే, నాకైనంత భయమే అంది.

ఒక సాయంత్రం మిరప కోతలకు పోయే కూలామె టీచరమ్మ ఇంటికి వచ్చింది. ఆమెదీ ఆ చర్చే. ఆమె కొడుకు ఈతకు పోయి కాలువలో మునిగిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను అరుగు మీద ఆకుకూర వలుస్తున్నా నన్ను చూడనే లేదు.

"టీచరక్కా, ఆడ ఏమీ ల్యాదంటివే. నొప్పి గూడ ల్యాదా?"

టీచరమ్మ ఒళ్లో చాట పక్కన పెట్టింది. "ముందు ఉండె. తల పగిలిపోయేంత నొప్పి. లేదంటే అబద్ధమైతాది. కొంచెం సేపే. ఆ తర్వాత నొప్పి లే, భయం లే. భయపడేదానికి నేనే లేను."

"నా కొడుక్కి గూడ అంతేనా?"

"నాకు తెలిసింది నా సంగతే మే. నాకైతే అంతే."

ఆ తల్లి గడప మీద కూలబడి ఏడ్చింది. వాడు పోయినప్పటి నుంచి నీళ్ల చెంబు ఎత్తితే చాలు, వాడు ఊపిరాడక కొట్టుకోవడమే కనిపిస్తోందట. వాడు దేవుడి దగ్గర ఉన్నాడని అందరూ చెప్పారు గానీ, ఎంతసేపు బాధపడి ఉంటాడని అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదట. ఆ తర్వాత తరచూ వచ్చేది. పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు, ఇద్దరూ కాయలు ఒలుచుకునేవాళ్లు. వాళ్లను చూస్తూ నేను చాలాసార్లు అనుకున్నాను, అబద్ధం చెప్పని మనిషి ఒకరు ఎదురింట్లో ఉండటం ఎంత ధైర్యమో అని. ఆ ధైర్యం ఇప్పుడు పోయింది, దాని విలువ ఈ పూట బాగా తెలుస్తోంది.

నేను రుద్రవరం నుంచి చేరేసరికి పెట్టెలో పడుకోబెట్టారు. చర్చి అంతా వచ్చింది, ముఖం తిప్పుకున్నవాళ్లతో సహా. అయ్యగారు ఆమె నిజం పలికిన మనిషి అని మాత్రం చెప్పి, కళ్లు తుడుచుకొని వాక్యం చదివారు. సమాధుల దగ్గర మూత వేసే ముందు ఆఖరిసారి చూడమన్నారు. నేను వంగాను. పోయి రా అందామనుకున్నాను. ఎక్కడికి పొమ్మని చెప్పాలో తెలియలేదు. ఆ తెర మీది నలుపు గుర్తొచ్చి వెనక్కి జరిగాను.

మూత పెట్టేశారు, కొట్టడానికి మేకులు చేతికి తీసుకుంటున్నారు. కూలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆగండి అని, మూత అంచు ఒక చేత్తో పైకెత్తి పట్టుకొని, టీచరమ్మ చెవి దాకా వంగి, పసిపిల్లను జోకొట్టే గొంతుతో చెప్పింది.

"భయపడాకు అక్కా. నువ్వే చెప్తివి గదా, ఆడ ఏమీ ఉండదని."

అప్పుడు మూత వదిలింది.