నేను పక్కకు జరిపిన వంక

వాన మొదలైతే నాకు అన్నం సహించదు. కొన్నేళ్లుగా ఇంతే. ఇంట్లో వాళ్లు గ్యాస్ అనుకుని మాత్రలు తెస్తున్నారు, నేనూ మింగుతున్నాను. అది గ్యాస్ కాదు. ఒక వంకను, వానలకు పారే వాగును, గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో మ్యాపులు చేస్తాను. కంప్యూటర్లో పని. అడుగున ఉపగ్రహం తీసిన ఫోటో ఉంటుంది. దాని మీద సర్వే నంబర్ల గీతలు ఒక పొర, రోడ్లు ఒక పొర, చెరువులూ వంకలూ ఇంకో పొర. పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. మేము లేయర్లు అంటాం. ఎప్పుడో గుడ్డ మీద గీసిన పాత ఊరి మ్యాపును ఆ ఫోటో మీద పరిస్తే ఒక పట్టాన కుదరదు. రెండింటిలోనూ ఉన్న ఒక రాయినో మలుపునో వెతికి, దాన్ని పట్టుకుని రెండూ కలపాలి. తప్పు రాయిని పట్టుకుంటే పాత మ్యాపు మొత్తం పక్కకు జరిగిపోతుంది. చూసేవాళ్లకు తెలియదు. కలిపినవాడికి మాత్రం తెలుస్తుంది.

ఊరి బయట, చిత్తూరు వైపు, ప్లాట్లు వేయడానికి ఒక మ్యాపు అడిగారు. పాత మ్యాపులో ఆ నేల నడిమధ్యగా ఒక వంక ఉంది. ఫోటోలో ఏమీ లేదు, బీడు, ముళ్లకంప. నేను అక్కడికి స్వయంగా వెళ్లాను. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయి కంపలో దాగి ఉంటే, చేయి గీరుకుపోయినా దూరి పట్టుకున్నాను. కాలి కింద ఏటి ఇసుక. నున్నటి గులకరాళ్లు. నీళ్లు పారని చోట రాళ్లు అంత నున్నగా ఎందుకు అవుతాయి? అప్పుడే అనుకున్నాను. అనుకున్నానన్న సంగతి తర్వాత మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

ఆఫీసుకొచ్చి ఆ రాయితో మ్యాపు కలిపితే వంక సరిగ్గా మూడో వరుస ప్లాట్ల మీదుగా వచ్చి కూర్చుంది. మా సారు నా భుజం మీదుగా చూశాడు. పాత మ్యాపులన్నీ తప్పుల తడకలే, కొంచెం జరిపితే సరిపోతుందేమో చూడమని చెప్పి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. జరిపెయ్యి అనలేదు. బెదిరించలేదు. ఆయన గట్టిగా చెప్పి ఉంటే ఈ పాపం ఆయన మీద పడేసి ఈపాటికి హాయిగా నిద్రపోయేవాణ్ని.

నేను పొలిమేర రాయిని వదిలేశాను. ఎవరో రైతు గట్టు మీద నిలబెట్టుకున్న మామూలు రాయిని పట్టుకున్నాను. పాత మ్యాపు కదిలింది. దాంతో పాటు వంకా కదిలి, పక్కనున్న చెరువు పోరంబోకులోకి వెళ్లి పడుకుంది. ప్లాట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. సారు అందరి ముందూ నన్ను పనిమంతుడన్నాడు. నాకు సంతోషమేసింది. ఆ ఒక్క మాట కోసమేనా? అవును, ఆ మాట కోసమే. ఇంకో పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు.

మునిరత్నమన్నకు మా ఆఫీసు కింద టిఫిను అంగడి ఉంది. ఆయన భార్య సెల్వక్కది తడ దగ్గర ఊరు. సగం తెలుగు, సగం అరవం మాట్లాడేది. చట్నీ ఇంకోసారి వెయ్యమంటే తిట్టి మరీ వేసేది. వాళ్లు ఆ లేఅవుట్‌లో ప్లాటు చూసుకున్నారు. మూడో వరుస. కొనేముందు ఆయన పైకొచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"అప్పా, నువ్వు మ్యాపుల్లో ఉండేవాడివి. ఆడ యాడన్నా వంక గింక ఉండాదా, సూసి సెప్పు."

"మ్యాపులో లేదన్నా."

"బాగా సూసినావా?"

"ఆ మ్యాపు గీసింది నేనే గదన్నా."

"అట్లయితే సాలప్పా. నువ్వు సెప్తే ఇంగేం గావల్ల."

నేను అబద్ధం ఆడలేదు, చూశారా. మ్యాపులో నిజంగానే లేదు. ఈ తెలివికి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

వాళ్లు ఇల్లు కట్టుకున్నారు. రెండేళ్లు ఏమీ కాలేదు. నేను మరిచిపోయాను కూడా. తర్వాత ఒక కార్తీకంలో తుఫాను పట్టుకుంది. పైనున్న చెరువు నిండి మొరవ పోయింది, అలుగు మీదుగా పొర్లింది. నీళ్లు పాత దారి వెతుక్కోలేదు, వాటికి ఆ దారి ముందే తెలుసు. మునిరత్నమన్న అప్పటికే అంగడికి వచ్చేశాడు. సెల్వక్క తమ పాపను పక్కింటి మిద్దె మీదికి ఎక్కించి, పిండి రుబ్బే గ్రైండరు కోసం మళ్లీ లోపలికి వెళ్లింది. గోడ పడింది.

దినాలకు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు. "నీ మ్యాపులో తప్పేం లేదప్పా. వంకే దోవ మార్చుకోని వచ్చినాది. మనమేం సేస్తాం" అన్నాడు. నేను తల ఊపాను. ఏడ్చాను కూడా. నా ఏడుపు చూసి ఆయనే నన్ను ఓదార్చాడు. ఇంతకంటే నీచం ఉంటుందా?

ఇప్పటికీ ఆయన దగ్గరే టీ తాగుతాను. మానేస్తే ఎందుకని అడుగుతాడని భయం. అడిగినవాళ్లందరికీ ఆయన అదే చెబుతాడు, వంక దోవ మార్చుకుందని. విని విని ఒక్కోసారి నేనూ నమ్మబోతాను. అప్పుడు ఆ ఫైలు తెరిచి పాత మ్యాపును పొలిమేర రాయితో కలుపుతాను. వంక వచ్చి ఆ ఇంటి మీద నిలుస్తుంది. చూసి, మూసేస్తాను.

అలా మూసేస్తూ ఇంకా ఎన్నాళ్లయినా బతికేవాణ్నేమో. కానీ మొన్న ఆయన టీ గ్లాసు నా చేతికిస్తూ, అదే చోట మళ్లీ ఇల్లు కడుతున్నానన్నాడు. పాపతో అద్దె ఇళ్లలో ఉండి విసిగిపోయాడట. వంక తన దోవకు తాను పోయి ఉంటుంది, ఇంక రాదులే అన్నాడు. అయినా ఒకసారి మ్యాపు చూసి చెప్పమన్నాడు. సరేనన్నాను. టీకి నాలుక కాలింది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. వంక దోవ మార్చుకోలేదన్నా, నేనే పక్కకు జరిపినాను. ఈ ఒక్క వాక్యం ఇక్కడ రాశాక, ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి కొంచెం ఆడుతోంది. రేపు అంగడి ముందు నిలబడి ఇదే వాక్యం నోటితో అనాలి. నోరు వస్తుందో రాదో తెలియదు. బయట మబ్బు పట్టింది, అక్కడ పునాది తీస్తున్నారు.