రేపల్లె బావ రష్యా తుపాకీ

పరువు తక్కువ సంగతి గనక ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పొంచి ఉండి గురిచూసి కాల్చే పాత రష్యా సైనిక తుపాకులంటే నాకు పిచ్చి. అసలుదో నకిలీదో తేల్చడం పుస్తకాలు చదివి నేర్చుకున్నాను గానీ, ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ దొరకలేదు. మిలిటరీలో చేసొచ్చిన రేపల్లె బావకి దొరికింది, దుర్బీనుతో సహా, లైసెన్సుతో సహా. చూసి చెప్పమని కబురంపితే పొద్దున్నే బాపట్లలో బండెక్కాను. నకిలీదైతే బాగుండునని తెనాలి దాకా అనుకున్నాను. అక్కడ ఇడ్లీ తిని మళ్ళీ అనుకున్నాను.

అసలుదైతే తుపాకీ పక్కన చెక్కిన నంబరే దుర్బీను మీదా ఉండాలి. భూతద్దం పెట్టి చూస్తే, దుర్బీను మీద సరిగ్గా ఆ చోట బావ పేరు కొట్టి ఉంది.

"ఏంటి చెల్లెమ్మా ఇది?" అన్నాను బావ భార్యతో.

"కొత్త బిందెలకి పేర్లు కొట్టిస్తూ దాన్నీ ఇచ్చానన్నయ్యగారూ. ఎవరన్నా అడిగి పట్టుకెళ్తే మళ్ళీ మనింటికి రావద్దూ?"

"ఇంతకీ అసలుదేనా?" అన్నాడు బావ.

అక్షరాల కింద నంబరు నాకు కనిపిస్తూనే ఉంది. కలిసింది కూడా.

"నంబరు చెరిగిపోయింది బావా, చెప్పలేం," అన్నాను.

చెల్లెమ్మ మొహం వాడిపోయింది. అయినా కాఫీ తెచ్చిచ్చింది. మీరైతే ఆ కాఫీ తాగగలిగేవారా? నేను తాగాను.

తిరుగు ప్రయాణంలో తెనాలిలో పోస్టుకార్డు కొని, "నంబరు కలిసింది, అసలుదే" అని బావకి రాసి, పోస్టు డబ్బాలో వేసి బాపట్ల బండెక్కాను.