ఎర్రపేలిక కట్టిన నేతిబీర

సాలమ్మకు గుంటెడు భూమి లేదు. భువనగిరిల మా ఇంటెనక కిరాయి గదిల ఉండేది. కల్లు దుకాణమోళ్లు పారేసిన పగుళ్ల కుండలు ఏరుకొచ్చి, మట్టి, మేకల ఎరువు నింపి ముంగిట్ల కూరగాయలు పెంచేది. బియ్యం కడిగిన నీళ్లు సుత పారబోసేది కాదు. అన్నిట్ల నేతిబీర అంటే ఆమెకు ప్రాణం. తల్లి ఇచ్చిన విత్తనమది. తల్లి గుర్తుగ మిగిలింది అదొక్కటే.

విత్తనం ఒక్కింట్లనే ఉంచొద్దని ఏటా సగం పక్కింటి బాలనర్సమ్మకు ఇచ్చేది. పాతబడితే మొలవయని మిగిలినయన్నీ ఆ ఏడే తన కుండలల్ల పెట్టేది. ఇద్దరికీ ఎంత దోస్తానంటే, వాళ్ల నడుమ కూర గిన్నె ఎన్నడూ ఉత్తగ తిరిగిపోలేదు. నాలుగు మిరపకాయలన్నా ఏసి పంపేటోళ్లు. మంచి కాయ కనబడితే, విత్తనానికని సాలమ్మ దాని తొడిమకు ఎర్రపేలిక కట్టేది. కట్టినంక ఎవ్వరూ తెంపొద్దు. తీగ మీదనే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలె.

పందొమ్మిది వందల అరవై మూడుల గుట్ట మీది కోతులు దిగి సాలమ్మ కుండలన్నీ పగలగొట్టినయి. తీగ పీలికలైంది.

"ఫికర్ లేదు. మా బాలనర్సి ఇంట్ల పేలిక కట్టిన కాయ ఉంది గద" అన్నది. దినాం పోయి ఆ తీగకు నీళ్లు పోసొచ్చేది. కాపు అయిపోయి ఆ ఒక్క కాయే మిగిలింది.

గప్పుడే బ్లాకు ఆఫీసోళ్లు కూరగాయల పోటీ పెట్టిన్రు. కాలేజీ ఇడిసిపెట్టి ఖాళీగ తిరుగుతున్న నన్ను సాలమ్మ ఎంబడి తీస్కపోయింది. బల్ల మీద, మొదటి బహుమానం చీటీ పక్కన పచ్చి నేతిబీర. పేలిక లేదు. కట్టిన కాడ తెల్లని చార ఉంది. ఎనక బాలనర్సమ్మ, బహుమానంగ ఇచ్చిన ఇత్తడి చెంబు పట్టుకొని.

"విత్తనం ఎక్కడిదమ్మా?" ఆఫీసరు అడిగిండు.

"మా తల్లిగారింటిది సారూ" అన్నది బాలనర్సమ్మ.

సాలమ్మ కొట్లాడుతదనుకున్న. బల్ల దగ్గరికి పోయి మెల్లగ అడిగింది.

"పేరు నీదే పెట్టుకో చెల్లె. జర ఎండనియ్యకపోతివా?"

"ఒక్క కాయకు గింత లొల్లా అక్కా? వచ్చే ఏడు మల్ల కాస్తది."

"ఏం పెడితే కాస్తదే?"

బాలనర్సమ్మ చెంబు దిక్కు చూసింది.

పొద్దుగూకినంక బాలనర్సమ్మ ఇంటి నుంచి గిన్నె నిండ ఆ నేతిబీర కూరే వచ్చింది. సాలమ్మ తినలే. ఉడికిన లేత గింజలు వేలితోని ఏరి అరచేతుల పెట్టుకొని చూసింది.

"ఇంకా ముదరనే లేదు" అన్నది.

గిన్నె కడిగి, తిరిగి ఇచ్చి రమ్మని నా చేతుల పెట్టింది. ఉత్త గిన్నె.