అవ్వకూ కర్రోడికీ ఒకటే సూదిమందు

ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, సిరంజిలోకి మందు లాగాక సూది కొసన ఒక చుక్క నిలుస్తుంది. ఆసుపత్రి వరండాలో ఉండేలాంటి వాసన ఆ చుక్కది. తిరుపతిలో మేముంటున్న అద్దె ఇంట్లో రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ వాసన వస్తుంది. మందు నాకు కాదు, మా ఆయనకూ కాదు, మా పిల్లికి. ఒళ్లంతా నలుపని వాడికి కర్రోడని పేరు పెట్టుకున్నాం. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ, తిన్నది ఒంటబట్టక వెన్నెముక తేలిపోతుంటే పశువుల డాక్టరుకు చూపించాం. చక్కెర జబ్బన్నాడు. అప్పటినుంచి మేమిద్దరం కలిసి ఏ ఊరికీ పోలేదు.

పూతలపట్టులో మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అదే జబ్బు. అప్పట్లో ఇంట్లో ఫ్రిజ్ లేదు. వంటింటి మూల తడి ఇసుక నింపిన కుండలో మందుసీసా ఉండేది. ఎండాకాలం ఆ ఇసుక మీద నీళ్లు చల్లడం నా పని. చల్లగానే లేచే వాసన కోసం ఎవరూ చెప్పకపోయినా మళ్లీ మళ్లీ చల్లేదాన్ని. తెల్లవారగానే నాయన గాజు సిరంజిని సత్తు గిన్నెలో వేసి ఉడకబెట్టేవాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అవ్వ మూత్రం కొన్ని చుక్కలు కలిపి, చిన్న దీపం మీద కాచేవాడు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, పచ్చబడితే కొంచెం ఉన్నట్టు, ఇటుకరంగుకు తిరిగితే బాగా ఎక్కువున్నట్టు. ఏ రంగొస్తుందోనని పిల్లలం పందేలు కాసేవాళ్లం. రంగును బట్టి నాయన మందు ఒక గీత పెంచేవాడు, ఒక గీత తగ్గించేవాడు.

మామిడికాలంలో ఎక్కువగా ఇటుకరంగే. రసం తీసే ఫ్యాక్టరీలకు తోతాపురి కాయల లోడ్లు పోతుంటే రోడ్డంతా పులుపూ తీపీ కలిసిన వాసన, ఇంట్లో గడ్డి కింద మాగుతున్న బేనీషా పండ్ల వాసన. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేదాకా ఆగి, అవ్వ ఒక పండును మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, చప్పుడు లేకుండా జుర్రేది. టెంక నాకిచ్చేది. మర్నాడు గొట్టం ఎర్రబడగానే నాయన ఆమె కొంగు మీది పసుపు మరకను చూసేవాడు.

“ఒగటేరా తినింది, అదీ సిన్నది,” అనేది అవ్వ.

దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెల శనివారాల్లో మా ఇంట్లో స్వామికి తళిగ వేసేవాళ్లు. ఇల్లంతా కడిగి, పెద్ద అరిటాకు మీద చిత్రాన్నం, చక్కెర పొంగలి, వడలు, పెరుగన్నం రాశులుగా పోసి, గోవిందలు పెట్టి హారతి ఇచ్చేదాకా ఎవరూ ఎంగిలిపడకూడదు. జబ్బు మనిషని అవ్వను మాత్రం నాయన పొద్దున్నే తినమనేవాడు. ఒక శనివారం నాయన తోటకు పోయే తొందరలో పొద్దున్నే అవ్వకు సూది వేశాడు. ముందురోజు గొట్టం ఎర్రగా వచ్చిందని ఒక గీత ఎక్కువే వేశాడు. ఒక్కపొద్దున్నానని అవ్వ చెప్పలేదు. వడలు తీస్తూ తీస్తూ గరిటె వదిలేసింది. రవిక చెమటకు తడిసిపోయింది. నన్ను పట్టుకుని, ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. అమ్మ బెల్లం నలిపి ఆమె చెంప లోపల రుద్దింది. నాయన పరిగెత్తుకొచ్చేసరికి అవ్వ మనుషులను గుర్తుపడుతోంది.

“ఒక్కపొద్దని ఒక మాట సెప్పకూడదామ్మా?”

“సెప్తే ఉండనిస్తావా నువ్వు?”

నాయన గోడకానుకుని కూర్చున్నాడు. లోపల గోవిందలు మొదలైనా లేవలేదు. కోపమొచ్చిందనుకుని నేను దగ్గరికి పోలేదు. మరునాటినుంచి అవ్వ సంగటి తిని ఖాళీ గిన్నె చూపించేదాకా ఆయన సిరంజి ముట్టేవాడు కాదు. ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లే బతికింది.

ఈమధ్య కర్రోడికి చక్కెర దిగడం లేదని డాక్టరు మందు కాస్త పెంచాడు. ఒక్క రీడింగు చూసి సొంతంగా మార్చొద్దని, పెంచిన మోతాదు మీద కొన్నాళ్లు ఆగి చూడాలని చెప్పాడు. ఆ తర్వాత ఒక పొద్దున వాడు గిన్నెలో పెట్టింది తిన్నాడు, నేను సూది వేశాను. గుడ్డలు ఆరేసి వచ్చేసరికి తిన్నదంతా మంచం కింద కక్కి ఉన్నాడు. వెనక కాళ్లు తడబడుతున్నాయి. పిలిస్తే నా వైపు కాక గోడ వైపు చూశాడు. చెవి అంచున గుచ్చి రక్తపు చుక్క మీటరుకు అంటిస్తే అంకె బాగా కిందికి పోయింది. వేలితో తేనె తీసి వాడి చిగుళ్లకు రుద్దుతూ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ గ్లూకోజు ఎక్కించారు.

“ఇంగ ఎన్నాళ్లు ఈ సూదులు? నువ్వే సిక్కిపోతా ఉండావు,” అన్నాడు మా ఆయన, బెంచీ మీద నా పక్కన కూర్చుని.

“ఏమో. బతికుండాడు కదా,” అన్నాను.

మధ్యాహ్నానికి కర్రోడు తల ఎత్తాడు. ఇంటికి తీసుకుపోవచ్చన్నారు, కానీ నాకు లేవబుద్ధి కాలేదు. ఆనాడు నాయనకు వచ్చింది కోపం కాదని ఆ బెంచీ మీద అనిపించింది.

ఇప్పుడు డాక్టరు వేయమన్న మందు, పెంచకముందరి మోతాదు కన్నా తక్కువ. వాడి ఒంటికి కొద్దికొద్దిగా కండ పడుతోంది. పూతలపట్టులో మా ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది, నాయన తోట ప్లాట్లయింది. నీలం మందు సంగతి చెబితే మా వీధి మందులషాపు అమ్మాయి అదేమిటని అడిగింది. ఎంత వేయమంటావని అడగడానికి నాయన కూడా లేడు.

ఈ సాయంత్రం కర్రోడు సగం తిని మొహం తిప్పుకున్నాడు. డాక్టరు ఫోను ఎత్తలేదు. సూది పక్కన పెట్టి, గిన్నెను వాడి ముందుకు జరిపి నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి వాడు మళ్లీ మూతి పెట్టాడు.