వత్తికి మొదటి మంట

ఉదయగిరి చెక్క గరిటెలు చాలా ఊళ్లు తిరుగుతాయి. కూర కలపడానికి కొన్నవాళ్లున్నారు, అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికి కొన్నవాళ్లూ ఉన్నారు. వాటితో పువ్వులు చేసే మనిషి మాత్రం ఆత్మకూరులో లిదియమ్మ ఒక్కతే. నీళ్లలో నానిన గరిటె వీపును కరిగిన మైనంలో ఒక్క మునక ముంచి తీస్తే పలచటి పొర ఒకటి దాన్నంటుకుని వస్తుంది. అది బిగుసుకోకముందే బొటనవేలితో మెల్లగా జరిపితే ఊడి అరచేతిలో పడుతుంది, అచ్చం గులాబీ రేకు. చెంచాకు చిన్న రేకు, గరిటెకు పెద్ద రేకు. వెచ్చగా ఉన్నప్పుడే వాటిని కొవ్వొత్తి చుట్టూ అతికించుకుంటూ పోతుంది. పెళ్లి భోజనాల దగ్గర వధూవరుల బల్లమీద ఆ కొవ్వొత్తులు నిలబెడితే, వాటిని ముట్టుకుని చూడకుండా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు.

ఆ గరిటెలు ఆమె భర్త జోయల్ చెక్కినవి. అతనిది ఉదయగిరి. కొండ కింద వీధిలో చెక్కపనివాళ్ల దగ్గర చిన్నప్పుడే ఉలి పట్టి, పెళ్లయ్యాక ఆత్మకూరు వచ్చి వడ్రంగంలో స్థిరపడ్డాడు. కొవ్వొత్తుల పని లిదియమ్మ బడి రోజుల్లో హాస్టల్లో నేర్చుకున్నది. ఆమెకు పని తెలుసు, అతనికి చెక్క తెలుసు. రేకుకు గరిటె వాడవచ్చన్న ఆలోచన ఎవరిదో ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు. నీదే అంటే నీదే అనుకునేవాళ్లు. కూతురు అంజలి పదో తరగతిలో ఉండగా కామెర్లు ముదిరి జోయల్ పోయాడు. గరిటెలు మిగిలాయి. కొన్నిటి అంచులు అరిగిపోయినా ఆమె మార్చలేదు. అరిగిన అంచు నుంచి వచ్చే రేకు ఇంకాస్త పలచగా, నిజం రేకులా ఉంటుందని అంటుంది.

ఈ వైపు ఎండల సంగతి చెప్పాలి. వింజమూరు దాటి దుత్తలూరు మీదుగా పడమటికి పోయేకొద్దీ భూమి ఎర్రబారి, రాళ్లు తేలి, మే నెలలో గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టే వస్తుంది. పెళ్లిళ్లన్నీ ఆ నెలలోనే. నెల్లూరు నుంచి వచ్చే తెల్ల మైనం దిమ్మెలతో మాత్రమే చేస్తే కొవ్వొత్తి మధ్యాహ్నానికల్లా నడుం వంగిపోతుంది. అందుకే ఉదయగిరి కొండమీద తేనె తీసే ఓబులయ్య పట్టు పిండగా మిగిలిన మైనం ముద్దలు గోనెసంచిలో తెచ్చి ఆమెకిస్తాడు. ఆ తేనెమైనం కలిస్తే కొవ్వొత్తి ఎండకు తట్టుకుంటుంది, రంగులో మీగడ ఛాయ వస్తుంది, వెలిగినప్పుడు అడవి వాసన వేస్తుంది. ఈమధ్య నెల్లూరు అంగళ్లలో బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ కొవ్వొత్తులు దొరుకుతున్నాయి. మంట ఉండదు గాని మంటలాగే వణుకుతాయి. వాటిని చూపించి ఎవరైనా ఎగతాళి చేస్తే లిదియమ్మ, పెళ్లికొడుకు కూడా బ్యాటరీతో నడిచేవాడు దొరికితే అప్పుడు పెట్టుకోండి అని ఊరుకుంటుంది.

వాళ్ల చర్చిలో, గుడి అనే అంటారు దాన్ని, పెళ్లికి ఒక ఆనవాయితీ ఉంది. బల్లమీద మూడు కొవ్వొత్తులు నిలబెడతారు. ఆరాధన మొదలుకాగానే వధువు తల్లి ఒకటి, వరుడి తల్లి ఒకటి వెలిగిస్తారు. తర్వాత పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఆ రెండిటి మంటా తీసుకుని నడుమ ఉన్న పెద్దదాన్ని వెలిగిస్తారు. పెళ్లయ్యాక ఆ మూడూ భోజనాల బల్లమీదికి చేరుతాయి. ఇది దొరల కాలంలో వచ్చిందో, నిన్నమొన్న వీడియోలు చూసి నేర్చుకున్నదో గట్టిగా చెప్పేవాళ్లు లేరు. దానికి ఇంకొకటి ఎప్పుడు అతుక్కుందో కూడా ఎవరికీ తెలియదు. తల్లి భర్త పోయినదైతే ఆమె బదులు ముత్తైదువ ఎవరైనా వెలిగించాలి. బైబిలు వాక్యంలో ఎక్కడుందని అడిగితే ఎక్కడా లేదు. పాస్టరు అయ్యగారు ఆ మాట ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు. మతం మారినప్పుడు మనుషులు పెట్టెలో అన్నీ సర్దుకోరు గాని, కొన్ని వాటంతటవే చీర మడతల్లో వచ్చేస్తాయి. దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక కొండెక్కిందంటాం కదా, ఆ గుడిలో పండు ముసలమ్మలు కొవ్వొత్తికి కూడా అదే మాట వాడతారు. లిదియమ్మ సైతం ఏనాడూ మంటను నోటితో ఊదదు. చిన్న ఇత్తడి లోటా బోర్లిస్తుంది.

అంజలి పెళ్లి కుదిరింది. అబ్బాయి సురేశ్‌బాబు, కొండాపురం వాళ్లు. ముహూర్తాలు చూడకపోయినా పాస్టరు అయ్యగారి తీరికను బట్టి మేలోనే తేదీ పడింది. వారం ముందే ఉదయగిరి నుంచి జోయల్ అక్క దేవకమ్మ దిగింది. ఆమె చెడ్డమనిషని చెప్పడానికి వీల్లేదు. తమ్ముడు పోయినప్పుడు నెలల తరబడి ఈ ఇంట్లోనే ఉండి పొయ్యి ఆరకుండా చూసింది. అంజలిని నర్సింగ్‌లో చేర్పించమని పట్టుబట్టింది ఆమే. అందుకే ఆమె మాటకు ఈ ఇంట్లో ఎదురుండదు.

వచ్చిన సాయంత్రమే, పప్పు ఏరుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది. పెళ్లికొడుకు తరఫున తల్లి ఉంది, ఆమె పసుపుకుంకాలు చల్లగా ఉన్నాయి. మన తరఫున ముత్తైదువగా, మేనత్తగా తాను వెలిగిస్తుంది. లిదియమ్మ ముందు వరసలోనే కూర్చోవచ్చు, దానికేం అడ్డం లేదు.

లిదియమ్మ చేతిలో చాట ఆగింది. దేవకమ్మే అంది:

“మూడూ నువ్వు చేసినయ్యే కదా లిదియా. అగ్గిపుల్ల ఎవరు పట్టుకుంటే ఏంది?”

“ఏం లేదులే వదినా. నువ్వే వెలిగించు,” అంది లిదియమ్మ.

లోపల గదిలో అంజలి ఈ మాటలు విని బయటికి వచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదు. తల్లి బతిమాలితే, నువ్వు వెలిగించకపోతే నడుమ కొవ్వొత్తి నేను ముట్టను అంది. పెళ్లిలో అల్లరి చెయ్యొద్దని లిదియమ్మ కూతురి చేత మాట తీసుకుంది. మేనత్త పెట్టిన అన్నం తిని పెరిగినాం, అది మరిచిపోకు అని ఒక్కటే చెప్పింది. మాటైతే తీసుకుంది గాని, ఆమె కడుపులో ఏముందో ఆమెకే తెలుసు. ఊళ్లో అందరి పిల్లలకూ కొవ్వొత్తులు చేసింది. తన పిల్లకు వెలిగించే రోజు ఒక్కటే. అది పోతే మళ్లీ రాదు.

ఇక్కడ ఆమె పనిలో ఒక సంగతి చెప్పకపోతే కథ నడవదు. కొత్త కొవ్వొత్తి వత్తికి పైదాకా మైనం పట్టి ఉంటుంది. నిప్పు చూపగానే అంటుకోదు. చిటపటమని, పొగ చిమ్మి, కాసేపు సతాయిస్తుంది. ఇంట్లో అయితే ఫరవాలేదు. గుడిలో తలల మీద ఫ్యాన్లు తిరుగుతుంటాయి, వందల కళ్లు చూస్తుంటాయి. అక్కడ వత్తి అంటుకోకపోతే అపశకునమని గుసగుసలు మొదలవుతాయి. అందుకే కొవ్వొత్తి ఇచ్చే ముందు లిదియమ్మ గాలిలేని తెల్లవారుజామున దాన్ని తన వంటింట్లో ఒకసారి వెలిగిస్తుంది. వత్తి చుట్టూ చిన్న మడుగు కట్టేదాకా మండనిచ్చి లోటా బోర్లిస్తుంది. ఒకసారి మంట తిన్న వత్తి రెండోసారి పుల్ల చూడగానే పట్టుకుంటుంది. వాడిన వస్తువు అనుకుంటారని నల్లబడ్డ కొసను కత్తిరించి, మీద తెల్లమైనం చుక్క ఒకటి రుద్ది కప్పేస్తుంది. బయటికి కన్నెవత్తిలాగే కనిపిస్తుంది. జోయల్ ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. ఇది పనిలో భాగం. మైనం వడగట్టడం ఎలాగో ఇదీ అలాగే. అందులో ఇంకేమైనా ఉందని ఆమెకు ఏనాడూ తోచలేదు.

పెళ్లినాటి తెల్లవారుజామున తోచింది.

మూడు కొవ్వొత్తులూ వంటింటి గట్టుమీద నిలబెట్టి, మొదటిదాని దగ్గరికి పుల్ల తీసుకెళ్లి ఆగిపోయింది. పుల్ల వేళ్లదాకా కాలింది. రెండోది గీసింది, అదీ కాలిపోయింది. నలుగు పెట్టించుకోవడానికి లేచిన అంజలి గడపలో నిలబడి చూసింది. ఏంది మా, పుల్లలు తడిసినయ్యా అని అడిగింది.

“నా చెయ్యి మంచిది కాదంటే, ఇన్నాళ్లు నేను వెలిగించి పంపిచ్చినయన్నీ ఏమైనట్టు?” అంది లిదియమ్మ. కూతుర్ని అడిగిందో తనను తాను ప్రశ్నించుకుందో.

అంజలికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చిన్నప్పటినుంచీ చూస్తున్న పనే, దాన్ని అలా చూడలేదు. ఆమె వచ్చి తల్లి పక్కన గట్టుకు ఆనుకుని నిలబడింది. ఆ చేతుల మీదుగా పోయిన పెళ్లిళ్లు ఇద్దరికీ గుర్తొచ్చి ఉంటాయి. కొందరు చల్లగా ఉన్నారు, కొందరు విడిపోయారు, ఒకమ్మాయి కాన్పులో పోయింది, ఒకాయన ఆలస్యంగా బిడ్డనెత్తి ఊరంతా స్వీట్లు పంచాడు. లోకం ఎలా ఉందో అలాగే ఉన్నారు. కొవ్వొత్తి ఎవరినీ చెరపలేదు, ఎవరినీ కాయలేదు.

లిదియమ్మ మూడో పుల్ల గీసింది. మూడు వత్తులూ వెలిగాయి. మడుగు కట్టాక ఒక్కొక్కదాని మీదా లోటా బోర్లించి, కొస కత్తిరించడానికి కత్తెర తీసుకుంటే అంజలి ఆ చేతిని పట్టుకుంది.

“దాన్నెందుకు దాస్తావు మా? ఉండనీ.”

లిదియమ్మ కత్తెర కింద పెట్టింది.

గుడి నిండిపోయింది. ఫ్యాన్లు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. అయ్యగారు పాటల పుస్తకం తెరిచి పేజీ వెతుక్కుంటున్నారు. దేవకమ్మ పట్టుచీర కొంగు సవరించుకుని, అగ్గిపెట్టెతో బల్ల దగ్గరికి వచ్చి, వంగి చూసి నిలిచిపోయింది. ముందు వరసలో కూర్చున్న లిదియమ్మను కళ్లతోనే పిలిచింది. లిదియమ్మ లేచి వెళ్లింది.

“ఇదేందే, కొసలు నల్లగా ఉండాయి? ఎవురో వెలిగించినారు దీన్ని,” అంది దేవకమ్మ గొంతు తగ్గించి.

అప్పుడు అబద్ధం చెప్పడం తేలిక. గాలి చూడ్డానికి ఎవరో ముట్టించారని అనొచ్చు. లిదియమ్మ వదిన మొహంలోకి చూసింది.

“నేనే వెలిగించినాను వదినా. పొద్దున. ఎప్పుడూ నేనే వెలిగిస్తా, లేకుంటే ఫ్యాన్ల కింద పట్టుకోదు. కొస కత్తిరిస్తా కాబట్టి తెలవదు.”

“ఎప్పుడూ అంటే?”

“ఎప్పుడూనే. మన సందీప్ పెళ్లివి కూడా.”

సందీప్ దేవకమ్మ ఒక్కగానొక్క కొడుకు. అతనికి నవ్యశ్రీతో పెళ్లయింది జోయల్ పోయిన మరుసటి ఏడు. ఇప్పుడు రెండో వరసలో, చంకలో పిల్లతో, పక్కన భార్యతో కూర్చుని ఉన్నాడు. ఆ పెళ్లికి కొవ్వొత్తులు చేసిచ్చి లిదియమ్మ వెనక స్తంభం దగ్గర కూర్చుంది, ఎవరూ చెప్పకుండానే. దేవకమ్మ కొడుకు వైపు చూసింది, మనవరాలి వైపు చూసింది. ఆమె మొహంలో కోపం వచ్చిందో భయం వచ్చిందో చూసేవాళ్లకు తెలియలేదు. అయ్యగారికి పేజీ దొరికింది. వరుడి తల్లి తన అగ్గిపుల్ల గీయడానికి సిద్ధంగా నిలబడి వీళ్లకోసం చూస్తోంది.

దేవకమ్మది లెక్క మనిషి స్వభావం. ఆమెలో ఏదో కరిగిందనీ, కళ్లు తడిశాయనీ రాస్తే అది నిజం కాదు. ఒకసారి వెలిగిన వత్తిని మళ్లీ మొదటిసారి వెలిగించడం కుదరదని ఆమెకు తట్టింది, అంతే.

“ఐపోయిందానికి నేనెందుకు మధ్యన,” అని గొణిగి అగ్గిపెట్టె లిదియమ్మ చేతిలో పెట్టింది.

ముందు వరసలో ఎవరో దగ్గారు. వెనక ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. లిదియమ్మ పుల్ల గీసింది. పై ఫ్యాను గాలికి మంట వాలిపోబోయింది. దేవకమ్మ తనకు తెలియకుండానే రెండు అరచేతులూ చాపి దానికి అడ్డం పెట్టింది. వత్తి పుల్లను చూడగానే అందుకుంది. తెల్లముసుగులో తలవంచి నిలబడ్డ అంజలి ఆ వెలుగు చూసి తల ఎత్తింది.

భోజనాల దగ్గర మూడు కొవ్వొత్తులూ వధూవరుల బల్లమీద మండుతూనే ఉన్నాయి. ఎండ మాడ్చేస్తున్నా ఒక్క రేకూ వాలలేదు. ఓబులయ్య తెచ్చిన మైనం వాసన సాంబారు వాసనలో కలిసి పందిరంతా పాకింది. చివరి బంతిలో వదినా మరదళ్లు పక్కపక్కన కూర్చున్నారు. దేవకమ్మ చాలాసేపు అన్నం కెలికి, తల ఎత్తకుండా అడిగింది.

“సందీప్ పెళ్లికి వెలిగించినప్పుడు... తమ్ముడు పోయి ఏడు కూడా నిండలా. అప్పుడు మనసులో ఏమనుకున్నావే?”

లిదియమ్మ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఆ తెల్లవారుజాము, ఆ గట్టు, తలుపు సందులోంచి వచ్చే సన్నటి గాలి.

“కాసేపు గాలి రాకుంటే బాగుండు అనుకున్నా వదినా,” అంది.

దేవకమ్మ తన విస్తట్లోని అప్పడం తీసి మరదలి విస్తట్లో వేసింది.