పదకొండు సెకన్ల చప్పుడు

డిసెంబరు మొదటి సోమవారం ఉదయం ఆరున్నరకు డ్యూటీలో చేరాను. ఆత్మకూరు దాటాక పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, మట్టి దారిలో మూడు కిలోమీటర్లు నడిచాను. భుజాన కిట్ బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, టార్చి, పొడవాటి స్క్రూడ్రైవరు. చర్చి వాళ్లు నడిపే ఆరు మంచాల ఆసుపత్రి అది. దాని అంబులెన్సు ఒక పాత డీజిల్ జీపు. వయసు ఇరవై రెండేళ్లు. పైన ఎర్ర లైటు ఉంది, వెలగదు.

మాది డోన్. సైన్యంలో పదిహేడేళ్లు బండ్లు నడిపాను. మంచు కొండల్లో డీజిల్ గడ్డకట్టే చోట లారీలను లేపినవాణ్ణి. రిటైరై వచ్చాక ఇక్కడ ఆరు నెలల పని ఉందంటే ఒప్పుకున్నాను. వాళ్లు దాన్ని ఉద్యోగమన్నారు. నేను డ్యూటీ అనే అన్నాను.

ఆసుపత్రి నర్సమ్మ జీపు తాళం చేతికిస్తూ ఆర్డరు చెప్పింది. "మంగళారం, శుక్రారం రూతమ్మను కర్నూలుకు తీసకపోవాలన్నా. ఎనిమిదికి ఆమె వంతు. వంతు పోతే మళ్లా దొరకదు."

రూతమ్మకు అరవై దాటాయి. ఒంటరి మనిషి. గేటు దాటాక యాభై అడుగుల దూరంలో ఆమె ఇల్లు. కిడ్నీలు పని చేయవు కాబట్టి వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. కర్నూలుకు తొలి బస్సు ఏడింటికి, అదీ పెద్ద రోడ్డు మీదే. జీపు కదలకపోతే ఆమె ప్రాణానికి భరోసా లేదు.

పాత డ్రైవరు జీపును చర్చి వెనక చదును నేలలో నిలిపేవాడట. నాకది నచ్చలేదు. సైన్యంలో బండి ఆపితే ముఖం గేటు వైపు ఉండాలి. కేక వినపడగానే దూసుకుపోవాలి. ఆసుపత్రి ముందు గేటు దాకా ఏటవాలు ఉంది. మొదటి సాయంత్రమే జీపును అక్కడికి తెచ్చాను. ముక్కు కిందికి, గేటుకు ఎదురుగా నిలిపి, టైర్ల కింద రాళ్లు పెట్టాను. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

వారం తిరక్కముందే చప్పుడు మొదలైంది. పొద్దున ఐదుకు తాళం తిప్పగానే లోపల టకటకటక, ఎవరో సుత్తితో కొట్టినట్టు. వాచీ చూశాను. నాలుగు సెకన్లు. ఆగిపోయింది. తర్వాత ఇంజను ఏమీ ఎరగనట్టు తిరిగింది.

"ఏందన్నా, అట్ల అరుస్తాంది?" అంది నర్సమ్మ కిటికీలోంచి.

"పాత బండి. పొద్దున పూట దగ్గుతుంది" అన్నాను.

క్రిస్మస్‌కు ఏడు సెకన్లయింది. సంవత్సరం మారేసరికి తొమ్మిది. జనవరి నడుమ పదకొండు. అన్నీ నోటుబుక్కులో రాశాను. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి విన్నాను. ఫిల్టరు మార్చాను. చల్లగా ఉన్నప్పుడు కొట్టి ఆగిపోతే భయం తక్కువ. వేడెక్కాక ఎత్తు ఎక్కేటప్పుడు కొడితే బేరింగు పోయినట్టే. ఇది వేడెక్కితే కొట్టదు. మరి రోజురోజుకూ ఎందుకు పెరుగుతోంది? సైన్యంలో పొద్దున బండి తనిఖీని ఫస్ట్ పరేడ్ అంటాం. ఒక్కనాడూ తప్పలేదు. నీళ్లు, బెల్టు, టైర్లు, నూనె. ఇంజనులో నూనె ఎంతుందో చూపే పుల్ల తీస్తే రోజూ పై గీత దాకా తడి.

"నువ్వొచ్చినాకే దీనికి ఈ రోగమన్నా. ముందర ఇట్ల అరిసేది కాదు" అంది నర్సమ్మ ఒకరోజు.

నాకు ఒళ్లు మండింది. స్టెతస్కోపు మెడలో వేసుకున్నావిడ నాకు ఇంజను నేర్పుతుందా అని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

పాస్టరయ్య పిలిచాడు. "ఇంజను పోయే కాలమొచ్చిందని కమిటీలో అంటాండారప్పా. ఈ నెలాఖరుకు తేలకపోతే తుక్కుకు ఏసేస్తాం."

"మరి రూతమ్మ?"

"ప్రార్థన చేస్తాండాం" అన్నాడు నేల చూస్తూ.

ఆ మాట ఆమె దాకా పోయింది. కర్నూలు దారిలో అడిగింది. "బండి అమ్మేస్తారంట కదా నాయనా?"

"నేనుండగా అమ్మరు పెద్దమ్మా" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

బుధవారం జీపును ఆత్మకూరులో అందరూ భాయ్ అని పిలిచే ఆయన షెడ్డుకు తోలుకెళ్లాను. ముప్పై ఏళ్ల అనుభవమున్న మెకానిక్. పొద్దున చల్లగా ఉన్నప్పుడే వినాలన్నాడు. రాత్రికి బండి సిమెంటు నేల మీద ఉండిపోయింది. గురువారం ఐదున్నరకు భాయ్ ముందుగా నూనె పుల్ల లాగాడు. మొన మాత్రమే తడిసి ఉంది.

"నూనె యాడుండాది సాబ్?"

"రోజూ చూస్తున్నాను. నిండుగా ఉంటుంది!"

"యాడ నిలిపి చూస్తాండావు?"

చెప్పాను. భాయ్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ముక్కు కిందికి పెడితే నూనంతా ముందుకొస్తాది సాబ్. పుల్ల ముందరే ఉండాది కాబట్టి నిండుగా కనపడతాది. నూనె పీల్చే జల్లెడ ఎనకుండాది. దానికి పొద్దున్నే గాలే దొరుకుతాది. పాత ఇంజను నూనె తాగతానే ఉంటాది, నువ్వు పోయకుంటివి. అందుకే సప్పుడు పెరిగె. మిలిట్రీలో చదును నేల మీద చూడమని చెప్పరా?"

చెబుతారు. మొట్టమొదట చెప్పేదే అది. గేటు వైపు ముఖం పెట్టడం గుర్తుంది, అది మరిచాను.

నూనె పోశాం. తాళం తిప్పితే రెండు సెకన్లు గొణిగి సర్దుకుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి జీపును చర్చి వెనక, పాత డ్రైవరు నిలిపిన చోటే నిలిపాను. నర్సమ్మకు తప్పు నాదేనని చెప్పాను. "పోన్లే అన్నా, తేలింది కదా" అంది.

శుక్రవారం ఐదుకు స్టార్ట్ చేశాను. కొట్టుడు లేదు. పిచ్చి ఆనందం నాకు. ఐదుంబావుకు జీపును గేటు దగ్గరికి తెచ్చి నిలబడ్డాను. రూతమ్మ ఎప్పుడూ ఆలస్యం చేయదు. ఐదూ ఇరవై ఐదయింది. నర్సమ్మకు ఫోను చేశాను.

"రూతమ్మ రాలేదు."

"ఇంటికాడ చూడన్నా, బిరీన!"

ఇంటికి తాళం వేసి ఉంది. జీపును పెద్ద రోడ్డు వైపు తిప్పాను. అర కిలోమీటరు పోయాక లైట్ల వెలుగులో కనిపించింది. తల మీద దుప్పటి. ఒక చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి. పాదాలు వాచి చెప్పులు పట్టక వాటిని రెండో చేతిలో పట్టుకుంది. కంకర మీద ఒట్టి కాళ్లతో, నాలుగడుగులకోసారి ఆగుతూ నడుస్తోంది.

దిగి పరుగెత్తాను. "ఎక్కడికి పెద్దమ్మా?"

"బండి సప్పుడు ఇనపడలే నాయనా. నిన్న సాయంత్రం చూస్తే గేటుకాడా లేదు. అమ్మేసినారనుకుంటి. లేటైనా బస్సుకు పోతే, ఎవురన్నా దయ తలిసి మిషను మీద పండబెడతారేమోనని." ఊపిరి తీసుకుంది. "నాకు నిద్రేడుంటాది? ఐదుకు నువ్వు లేపే సప్పుడు కోసమే చెవి పెట్టుకోనుంటా. అది ఇనపడితే ఇంగో మూడు దినాలుంటా అనుకుంటా."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను.

"బండి బాగయింది పెద్దమ్మా. నీకు చెప్పడమే మరిచాను."

"బాగయితే మంచిదే కదా. ఏడుస్తావేమప్పా? పా, వంతు పోతాది."

వంతు పోలేదు. ఏడూ యాభైకి చేర్చాను. ఆ తర్వాత ప్రతి మంగళవారం, శుక్రవారం ఐదు కాకముందే ఆమె తలుపు తట్టి, "బండి ఉంది పెద్దమ్మా" అని చెప్పి వచ్చి, అప్పుడే తాళం తిప్పేవాణ్ణి. జీపును కమిటీ అమ్మలేదు.

మే ఆఖరున తాళాన్ని కొత్త డ్రైవరుకు అప్పగించాను. చదును నేల గురించి చెప్పాను, తలుపు తట్టడం గురించీ చెప్పాను. ఆ రాత్రికి డోన్ చేరాను. మంచు కొండల్లో చాలా చూశాను. అవి తలచుకుంటే వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పోదు. పొద్దున మా పాత స్కూటరు చప్పుడు లేకుండా స్టార్ట్ అయిన ప్రతిసారీ, ఆ కంకర దారి మీద నా వైపు వీపు తిప్పి, చెప్పులు చేతపట్టుకుని రూతమ్మ నడుస్తూనే ఉంటుంది.